కేబీ 726 చివరి రాత్రి: తోక టరెట్‌లో ఇరుక్కున్న గన్నర్, అతని కోసం వెనక్కి వెళ్ళిన స్నేహితుడు

కృష్ణలంక | మిస్సిసాగా, కెనడా | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని హామిల్టన్‌లో ఉన్న పాత యుద్ధ విమానాల మ్యూజియానికి వెళ్ళాను. పన్నెండేళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్నాను కానీ ఎప్పుడూ అటు వెళ్ళలేదు. అక్కడ ఒక లాంకాస్టర్ బాంబర్ ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికీ ఎగిరే లాంకాస్టర్లు రెండే. ఒకటి ఇంగ్లండ్‌లో ఉంది, రెండోది ఇదే. దాని పక్కన వీఆర్-ఎ అని పెద్ద అక్షరాలు, కేబీ 726 అని ఒక నంబరు రాసి ఉన్నాయి. అసలు కేబీ 726 ఇది కాదు. అది 1944 జూన్ 13 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లో కాలిపోయి కూలిపోయింది. దాని జ్ఞాపకంగా దీనికి ఆ రంగులు వేశారు. ఇంటికి వచ్చాక ఆ రాత్రి గురించి వారం రోజులు చదివాను. ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కెనడా వాయుసేన 419వ స్క్వాడ్రన్. ఇంగ్లండ్ ఉత్తరాన మిడిల్టన్ సెయింట్ జార్జ్ అనే చోట వాళ్ళ స్థావరం. విమానంలో ఏడుగురు. పైలట్ ఆర్ట్ డి బ్రేన్. విమానం నడిమీద ఉండే టరెట్‌లో, అంటే తుపాకులు బిగించిన తిరిగే గాజు గదిలో, గన్నర్ ఆండ్రూ మినార్‌స్కీ, విన్నిపెగ్ కుర్రాడు, పోలండ్ నుంచి వలస వచ్చిన వాళ్ళ బిడ్డ, వయసు 27. తోక చివర టరెట్‌లో పాట్ బ్రోఫీ. మినార్‌స్కీ, బ్రోఫీ ప్రాణ స్నేహితులు. బ్రోఫీ ఆఫీసరు, మినార్‌స్కీ అప్పటికి వారంట్ ఆఫీసరు, అంటే ఒక మెట్టు కింద. కలిసి బయట తిరిగి వచ్చి రాత్రి విడిపోయేటప్పుడు మినార్‌స్కీ అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టి "గుడ్ నైట్, సర్" అనేవాడట. స్నేహితుల మధ్య ఆట అది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

జూన్ 12 సాయంత్రం బయలుదేరే ముందు గడ్డిలో కూర్చుని ఉంటే మినార్‌స్కీకి నాలుగు ఆకుల క్లోవర్ దొరికింది. అక్కడివాళ్ళకి అది అదృష్టం గుర్తు. దాన్ని తన దగ్గర ఉంచుకోకుండా బ్రోఫీకి ఇచ్చాడు. అది వాళ్ళకి పదమూడో దాడి. లక్ష్యం చేరే సమయానికి తేదీ కూడా 13 అవుతుంది.

లక్ష్యం ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డు. నార్మండీలో మిత్ర సైన్యాలు దిగి ఆరు రోజులే అయింది. జర్మన్లు రైళ్ళలో కొత్త దళాలను అక్కడికి చేర్చకుండా ఆపాలి, అదీ పని. సముద్రం దాటి ఫ్రాన్స్ తీరం మీదికి రాగానే సెర్చ్‌లైట్లు వీళ్ళని పట్టుకున్నాయి. పైలట్ విమానాన్ని ముంచి, మెలితిప్పి బయటపడ్డాడు. కాసేపటికి బ్రోఫీకి వెనక ఒక నల్లటి ఆకారం కనిపించింది. జంకర్స్ 88, రెండు ఇంజన్ల జర్మన్ రాత్రి ఫైటర్. బ్రోఫీ కేకేశాడు, పైలట్ విమానాన్ని పక్కకి దూకించాడు, అయినా అది కింద నుంచి వచ్చి కొట్టింది. ఎడమ వైపు రెండు ఇంజన్లూ పోయాయి, ఆ రెక్కకి మంటలు అంటుకున్నాయి. విమానం లోపల, మధ్య టరెట్‌కీ తోక టరెట్‌కీ నడుమ, హైడ్రాలిక్ ఆయిల్ మండుతోంది.

ఇంటర్‌కామ్ చచ్చిపోయింది. దూకమనే ఆజ్ఞ ఎర్ర లైటుతో వచ్చింది: చుక్క, గీత, గీత, చుక్క. మోర్స్‌లో 'పి' అక్షరం, పారాచూట్ అని అర్థం. బ్రోఫీ టరెట్ తలుపు తీసి, వెనక తగిలించి ఉన్న పారాచూట్ అందుకుని ఛాతీకి తగిలించుకున్నాడు. ఇక టరెట్‌ని పక్కకి తిప్పి వెనక్కి దొర్లితే బయట పడిపోవచ్చు. టరెట్ తిరగలేదు. చేత్తో తిప్పే హ్యాండిల్ పట్టుకుంటే అది విరిగి చేతికి వచ్చింది.

మినార్‌స్కీ అప్పటికి తన టరెట్ దిగి తలుపు దగ్గరికి వచ్చేశాడు. ఒక్క అడుగు వేస్తే బయట గాలి. అప్పుడు తోక వైపు చూశాడు, గాజు వెనక స్నేహితుడు కనిపించాడు. తలుపు వదిలేసి మంటల్లోంచి చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాడు. గొడ్డలితో టరెట్‌ని కొట్టాడు. గొడ్డలి పని చేయకపోతే చేతులతో లాగాడు. నడుము కింద బట్టలు మండుతున్నాయి. వెళ్ళిపొమ్మని బ్రోఫీ అరుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. చివరికి వినక తప్పలేదు. వెనక్కి తిరగడానికి చోటు లేదు కాబట్టి ముఖం స్నేహితుడి వైపే ఉంచి అదే మంటల్లోంచి వెనక్కి పాకాడు. తలుపు దగ్గర లేచి నిలబడ్డాడు, అటెన్షన్‌లోకి వచ్చి సెల్యూట్ చేశాడు. పెదాలు కదిలాయి. ఆ హోరులో మాట వినపడలేదు కానీ ఏమన్నాడో బ్రోఫీకి తెలుసు.

ఆ తర్వాత దూకాడు. పారాచూట్ కూడా కాలుతోంది. కింద ఫ్రెంచి పల్లెవాళ్ళు అతన్ని చూసి తీసుకెళ్ళారు, కాలిన గాయాలతో కొద్దిసేపట్లోనే చనిపోయాడు.

బ్రోఫీ బతికాడు. పైలట్ కూడా దూకేసిన ఖాళీ విమానం వాలుగా దిగుతూ వెళ్ళి చెట్టుకి గుద్దుకుంది. ఆ ఊపుకి టరెట్ తెరుచుకుని బ్రోఫీ బయటికి విసిరివేయబడ్డాడు. లోపల బాంబులు ఇంకా ఉన్నాయి. కళ్ళు తెరిచేసరికి ప్రాణంతో ఉన్నాడు, పెద్ద దెబ్బ కూడా లేదు.

పిల్లలు విమానం తోక కింద నిలబడి ఫొటో తీయించుకున్నారు. అప్పటికి నాకు ఇదేమీ తెలియదు. ఇప్పుడు ఆ ఫొటో చూస్తుంటే కడుపులో ఏదోలా ఉంది.

ప్రశ్నలపుట్ట | వరంగల్ | శనివారం రాత్రి 10:15

అన్నా, రెండుసార్లు చదివాను. ఒక డౌటు. పారాచూట్‌ని ముందే ఎందుకు వేసుకోలేదు? ప్రాణం కాపాడేది కదా, వెనక తగిలించడం ఏంటి? ఇంకోటి, ఎడమ ఇంజన్ పోతే తోక టరెట్ ఎందుకు ఆగిపోవాలి? రెండూ ఎక్కడెక్కడో ఉన్నాయి కదా.

పాతహ్యాంగర్ | తిరుపతి | శనివారం రాత్రి 11:02

బాబూ, ఈ రెండింటికీ నేను చెప్తాను. నేను మన వాయుసేనలో 20 ఏళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేశాను. లాంకాస్టర్ ముట్టుకోలేదు కానీ నేను చేరిన కొత్తలో మా సీనియర్లు లిబరేటర్ల మీద పనిచేసినవాళ్ళు. అవి యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు కాన్పూర్‌లో పడేసి వెళ్ళిన అమెరికా తయారీ బాంబర్లు, వాటిని మనవాళ్ళు బాగుచేసి 1968 దాకా నడిపారు. టరెట్ల సంగతి వాళ్ళ నోటే విన్నాను.

ముందు పారాచూట్. తోక టరెట్ అంటే మనిషి పట్టేంత గాజు గుల్ల. నాలుగు బ్రౌనింగ్ మెషీన్ గన్లు, వాటి మధ్య మనిషి. లోపల చలికి విద్యుత్తుతో వేడెక్కే సూటు, దాని మీద ఇంకో సూటు, ఆక్సిజన్ మాస్కు. పారాచూట్ కట్టుకుంటే గన్ తిప్పడానికి చెయ్యి ఆడదు. అందుకని పట్టీలు మాత్రం ఒంటికి ఉంటాయి, మూట టరెట్ తలుపు వెనక విమానంలో తగిలించి ఉంటుంది. ఆపదొస్తే తలుపు తీసి, మూట లాక్కుని, ఛాతీకి తగిలించి, తలుపు ఆకాశం వైపు వచ్చేలా టరెట్ తిప్పి వెనక్కి పడాలి. నేల మీద చేసి చూస్తే తేలికే. మంటల్లో అందులో ఏ ఒక్క మెట్టు తప్పినా మనిషి అక్కడే.

రెండోది. టరెట్ తిరిగేది ఆయిల్ ఒత్తిడితో. ఆ ఒత్తిడి పుట్టించే పంపు ఇంజన్‌కి బిగించి ఉంటుంది. లాంకాస్టర్‌లో ఒక్కో టరెట్‌కి ఒక్కో ఇంజన్ మీద పంపు పెట్టారు, ఒక ఇంజన్ పోతే అన్నీ ఒకేసారి ఆగకూడదని. మంచి ఆలోచనే. కానీ తోక టరెట్ పంపు ఉన్నది ఎడమ వైపు ఇంజన్ మీద, ఆ రాత్రి దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. ఇంకొక మాట. ఆ పంపు నుంచి తోక దాకా ఆయిల్ గొట్టాలు విమానం పొడవునా వెళ్తాయి. అవి తెగితే ఆయిల్ లోపలే చిమ్ముతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. టరెట్‌ని తిప్పాల్సిన ఆయిలే మినార్‌స్కీని కాల్చింది.

చేత్తో తిప్పే హ్యాండిల్ గురించి చదివాక కాసేపు కళ్ళు మూసుకున్నాను. మా కాలంలో అత్యవసర హ్యాండిల్స్‌ని నెలకోసారి తిప్పి చూసి సంతకం పెట్టేవాళ్ళం. ఎప్పుడూ వాడేది కాదు కదా అని ఎవరైనా చూడకుండా సంతకం పెడితే మా వారంట్ ఆఫీసరు ఊరుకునేవారు కాదు.

ప్రశ్నలపుట్ట | వరంగల్ | శనివారం రాత్రి 11:20

థాంక్స్ అంకుల్. ఆయిల్ సంగతి అస్సలు ఊహించలేదు.

పాతబస్తీ | హైదరాబాద్ | ఆదివారం ఉదయం 7:30

పారాచూట్ మాట వచ్చింది కాబట్టి దీనికి తోబుట్టువు లాంటి కథ ఒకటి చెప్పాలి. అదే ఏడాది మార్చి 24 రాత్రి బెర్లిన్ మీద దాడి చేసి తిరిగి వస్తున్న ఇంకో లాంకాస్టర్. తోక గన్నర్ నికోలస్ ఆల్కమేడ్. రాత్రి ఫైటర్ కొట్టాక పారాచూట్ కోసం తలుపు తీసి చూస్తే అది అప్పటికే మంటల్లో ఉంది. కాలి చావడం కన్నా పడి చావడమే నయమనుకుని 18 వేల అడుగుల ఎత్తు నుంచి పారాచూట్ లేకుండా దూకేశాడు. పైన్ చెట్ల కొమ్మలు, కింద మెత్తటి మంచు. కాలు బెణికిందంతే. పట్టుకున్న జర్మన్లు ముందు నమ్మలేదు, గూఢచారి అనుకున్నారు. కూలిన విమానంలో కాలిన పారాచూట్ అవశేషాలు చూశాక నమ్మక తప్పలేదు.

మన ఊరి సంబంధం కూడా ఒకటి చెప్తాను. బ్రిటిష్ వాయుసేనలో 110వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. 1918లో దాని మొదటి బాంబర్లకు నిజాం డబ్బిచ్చాడు, అందుకే ఆ పేరు. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ నౌకల మీద మొదటి బాంబులు వేసిన వాటిలో ఆ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు ఉన్నాయి. మా ఊరి పేరు మోసిన విమానాలు అవి. కానీ చిన్నప్పుడు స్కూల్లో మాకు ఎవరూ చెప్పలేదు.

ఎల్బేతీరం | హాంబుర్గ్, జర్మనీ | ఆదివారం మధ్యాహ్నం 1:05

కృష్ణలంక గారూ, చాలా బాగా రాశారు. నేను హాంబుర్గ్‌లో ఉంటాను కాబట్టి అవతలి వైపు నుంచి కూడా కొంచెం చెప్పాలనిపించింది. కోపం తెచ్చుకోకండి.

ఆ జంకర్స్‌లో కూడా ముగ్గురు మనుషులే. పైలట్, గన్నర్, రాడార్ ముందు కూర్చున్న రేడియో ఆపరేటర్. మొదట్లో వాళ్ళు ఆకాశాన్ని గళ్ళుగా విభజించారు. ఒక్కో గడికి కింద రెండు రాడార్లు. ఒకటి బాంబర్ని చూస్తుంది, ఒకటి తమ ఫైటర్ని చూస్తుంది. కింద కూర్చున్న అధికారి రేడియోలో "ఎడమకి, ఇంకా ఎడమకి" అని చెప్తూ ఫైటర్ని బాంబర్ వెనక్కి తీసుకొస్తాడు. 1943 జూలై 24 రాత్రి మా ఊరి మీదే బ్రిటిష్‌వాళ్ళు మొదటిసారి అల్యూమినియం రేకుల కాగితం ముక్కలు కట్టలు కట్టలుగా చల్లారు. రాడార్ తెర మొత్తం విమానాలతో నిండిపోయినట్టు కనపడింది. గళ్ళ పద్ధతి ఆ రాత్రితో కూలిపోయింది. ఆ వారంలో ఈ ఊళ్ళో సుమారు 40 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది ఇళ్ళలో, నేలమాళిగల్లో ఉన్నవాళ్ళు. సెయింట్ నికోలాయ్ చర్చి గోపురం మిగిలింది, కింద చర్చి లేదు. అలాగే ఉంచేశారు. నేను ఆఫీసుకి వెళ్ళే దారిలో రోజూ చూస్తాను.

తర్వాత ఫైటర్లు స్వేచ్ఛగా బాంబర్ల ప్రవాహంలోకి దూరిపోయి సొంత రాడార్‌తో వెతకడం మొదలుపెట్టాయి. చాలా వాటికి వీపు మీద పైకి గురిపెట్టిన ఫిరంగులు బిగించారు. బాంబర్ కడుపు కింద గన్నర్ లేడు, కిటికీ లేదు. ఫైటర్ కింద చీకట్లో దూరి, దాని వేగానికి తన వేగం కలిపి, రెక్కలోని పెట్రోలు ట్యాంకు మీద గురిపెట్టి కాల్చేది. బాంబులున్న పొట్ట జోలికి వెళ్ళేది కాదు, అది పేలితే తానూ పోతుంది కాబట్టి. అలా కూలిన బాంబర్లలో చాలామందికి కొట్టింది ఏమిటో కూడా తెలియలేదు.

ఊళ్ళు కాలుతుంటే పైకెగిరి ఆపాలనుకున్నవాళ్ళు వాళ్ళు. నాజీల కోసం పోరాడినవాళ్ళు కూడా వాళ్ళే. రెండూ నిజమే. నేను ఎవరినీ సమర్థించడం లేదు.

గోదారిగట్టు | రాజమండ్రి | ఆదివారం మధ్యాహ్నం 3:48

ఎల్బేతీరం గారూ, మీరు చెప్పింది వినాల్సిన మాటే. కానీ 40 వేల మంది గురించి చదివాక మినార్‌స్కీ మీద జాలి పడటం కొంచెం కష్టంగా ఉంది నాకు. బాంబులు వేయడానికి వెళ్ళినవాళ్ళే కదా.

కృష్ణలంక | మిస్సిసాగా, కెనడా | ఆదివారం సాయంత్రం 6:30

గోదారిగట్టు గారూ, ఇదే ప్రశ్న వారం రోజులు నన్నూ తిప్పింది. కేబీ 726 ఆ రాత్రి వెళ్ళింది ఊరి మీదికి కాదు, రైల్వే యార్డు మీదికి. అది నిజమే కానీ ఆ సమాధానం సరిపోదు. ఇవే స్క్వాడ్రన్లు వేరే రాత్రుల్లో ఊళ్ళ మీదికీ వెళ్ళాయి.

నన్ను ఆపింది ఇంకో విషయం. మినార్‌స్కీని మంటలతో పడిపోతుంటే చూసి తీసుకెళ్ళినవాళ్ళు ఫ్రెంచి రైతులు. ఆ బాంబర్లు వాళ్ళ దేశం స్టేషన్ల మీదే బాంబులు వేస్తున్నాయి, పక్కన ఇళ్ళ మీదా పడుతున్నాయి. అయినా ఆ ఏడుగురిలో నలుగురిని జర్మన్లకు దొరక్కుండా దాచింది వాళ్ళే. బ్రోఫీని సెప్టెంబర్ దాకా దాచారు. దొరికితే దాచినవాళ్ళ ప్రాణాలకే ముప్పు. తల మీద బాంబులు పడ్డవాళ్ళే ఆ కుర్రాళ్ళని అలా చూసుకుంటే, ఇంత దూరంలో కూర్చుని నేను అంతకన్నా కఠినంగా ఉండలేకపోయాను. మీరు ఒప్పుకోవాలని లేదు.

గోదారిగట్టు | రాజమండ్రి | ఆదివారం సాయంత్రం 6:55

పూర్తిగా ఒప్పుకోను. కానీ అర్థమైంది.

పాతహ్యాంగర్ | తిరుపతి | ఆదివారం రాత్రి 8:10

నాకు వేరే విషయంలో పేచీ ఉంది. కెప్టెన్ దూకమన్నాక దూకాలి. అది శిక్షణ. ఒకడు ఇరుక్కుంటే ఇంకొకడు కూడా పోవడం సైన్యంలో మెచ్చుకునే పని కాదు, ఒకరి బదులు ఇద్దరు పోతారు. మినార్‌స్కీ ఆ తలుపులోంచి వెంటనే దూకి ఉంటే చక్కగా బతికేవాడు. బ్రోఫీ ఎలాగూ బతికాడు. లెక్క ప్రకారం అతని సాహసం వల్ల ఒరిగింది లేదు. ఇది చెప్పడం నాకూ ఇష్టం లేదు కానీ మంటల్లో పనిచేయడం నేర్పినవాళ్ళు మాకు ఇదే నేర్పారు.

ప్రశ్నలపుట్ట | వరంగల్ | ఆదివారం రాత్రి 8:25

అంకుల్, బ్రోఫీ బతుకుతాడని అతనికి తెలియదు కదా!

కృష్ణలంక | మిస్సిసాగా, కెనడా | ఆదివారం రాత్రి 9:50

పాతహ్యాంగర్ గారూ, మీ అనుభవం ముందు నాది చదువు మాత్రమే. అయినా అదే విమానంలో ముందు వైపు ఆ నిమిషాల్లో ఏం జరిగిందో చెప్తాను.

బాంబ్ ఎయిమర్, అంటే బాంబులు గురిచూసి వదిలే జాక్ ఫ్రైడే ముక్కు భాగంలోని హ్యాచ్ తెరిచాడు. గాలి విసురుకి ఆ మూత ఎగిరి ముఖానికి కొట్టింది, అక్కడికక్కడే స్పృహ తప్పి హ్యాచ్ మీద పడిపోయాడు. ఫ్లైట్ ఇంజనీర్ రాయ్ విగర్స్ వచ్చి చూస్తే దారికి అడ్డంగా మనిషి. అతను ఫ్రైడేకి పారాచూట్ తగిలించి, అది తెరుచుకునేలా హ్యాండిల్ పట్టుకుని బయటికి నెట్టేశాడు. ఫ్రైడేకి తెలివి వచ్చేసరికి జర్మన్ల చేతిలో ఖైదీ. కానీ బతికాడు. పైలట్ మిగిలినవాళ్ళు దూకేదాకా విమానాన్ని తిన్నగా పట్టుకుని ఆఖరున దూకాడు.

అంటే ముందు వైపు ఒకడు ఆగి ఇంకొకడిని కాపాడాడు, అది ఫలించింది. వెనక వైపు ఒకడు ఆగాడు, ఫలించలేదు. ఇద్దరూ చేసింది ఒకటే పని. తేడా బ్రోఫీ చేతిలో విరిగిన ఆ టరెట్ హ్యాండిల్. ఇద్దరిలో ఒకరిది తెలివైన పని, ఇంకొకరిది లెక్క తప్పిన పని అని నేను అనలేను.

పాతహ్యాంగర్ | తిరుపతి | ఆదివారం రాత్రి 10:30

ఫ్రైడే సంగతి నాకు తెలియదు. మీరు చెప్పాక కాసేపు ఆలోచించాను. శిక్షణ గురించి నేనన్న మాట వెనక్కి తీసుకోను. లెక్క గురించి అన్న మాట మాత్రం తీసుకుంటాను.

ఆ హ్యాచ్ గురించి ఒకటి. తర్వాతి రోజుల్లో పెద్ద భౌతిక శాస్త్రవేత్త అయిన ఫ్రీమన్ డైసన్ కుర్రతనంలో బాంబర్ కమాండ్, అంటే బ్రిటిష్ వాయుసేన బాంబర్లను నడిపిన విభాగం, అందులో లెక్కల శాఖలో పనిచేశాడు. వాళ్ళు గమనించింది ఇది: కూలిన హాలిఫాక్స్ అనే ఇంకో రకం బాంబర్ల నుంచి సుమారు నాలుగో వంతు మంది బతికి బయటపడితే, లాంకాస్టర్ నుంచి 15 శాతమే. లాంకాస్టర్ ముందు హ్యాచ్ వెడల్పు 22 అంగుళాలు, హాలిఫాక్స్‌ది 24. పారాచూట్ కట్టుకున్న మనిషికి చీకట్లో, గిరగిరా తిరిగే విమానంలో ఆ రెండు అంగుళాలే చావుబతుకులు. పెద్దది చేయడానికి చాలా కాలం పట్టింది, అప్పటికి యుద్ధం అయిపోవచ్చింది. గన్ల సంఖ్య మీద, బాంబుల బరువు మీద ఎంత శ్రద్ధ పెట్టారో మనిషి బయటికి వచ్చే కన్నం మీద పెట్టలేదు. ఒక ఫిట్టర్‌గా నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

తెల్లకలువ | ఖరగ్‌పూర్ | సోమవారం ఉదయం 6:40

చాలా రోజులుగా చదువుతున్నాను కానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. మా తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో చేరారు. 1942 డిసెంబర్‌లో కలకత్తా మీద జపాన్ బాంబర్లు రాత్రిపూట దాడులు మొదలుపెట్టాయి. జనం నగరం వదిలి పారిపోయారు, ఇక్కడి మీదుగా వెళ్ళే రైళ్ళ పైకప్పుల మీద కూడా మనుషులే అని నానమ్మ చెప్పేది. లాంతరు చుట్టూ నల్లగుడ్డ కట్టి అన్నం తినేవాళ్ళట.

జనవరిలో రాడార్ ఉన్న బ్యూఫైటర్లు, బ్రిటిష్ రాత్రి ఫైటర్లు, కలకత్తా వచ్చాయి. 15వ తేదీ రాత్రి ప్రింగ్ అనే సార్జెంట్ ఒక్కసారి ఎగిరి మూడు జపాన్ బాంబర్లను కూల్చేశాడు. ఊరంతా సంబరం. తాతగారు కూడా మిఠాయి తెచ్చారట.

కృష్ణలంక గారు రాసింది చదివాక మొదటిసారి ఆలోచన వచ్చింది, ఆ మూడు బాంబర్లలో కూడా గన్నర్లు ఉన్నారు కదా అని. మా ఇంట్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట ఎప్పుడూ రాలేదు. కింద ఉన్నవాళ్ళం మేము కాబట్టి.

ఎల్బేతీరం | హాంబుర్గ్, జర్మనీ | సోమవారం ఉదయం 11:15

తెల్లకలువ గారూ, నేను నిన్న అంత పొడుగు రాసి చెప్పలేకపోయింది మీరు రెండు వాక్యాల్లో చెప్పారు. దయచేసి రాస్తూ ఉండండి.

పాతబస్తీ | హైదరాబాద్ | సోమవారం రాత్రి 9:00

ఇందాకటి నుంచి ఒక విషయం మనసులో మెదులుతోంది. ఈ కథ మనకి ఎలా తెలిసింది? విమానం ముందు భాగంలో ఉన్నవాళ్ళకి వెనక ఏం జరిగిందో తెలియదు. మంటలు అడ్డం, ఇంటర్‌కామ్ లేదు. మినార్‌స్కీ చనిపోయాడు. చూసినవాడు ఒక్కడే, ఆ టరెట్‌లో ఉన్నవాడు. ఇంగ్లండ్ తిరిగి వచ్చాకే బ్రోఫీకి స్నేహితుడు చనిపోయాడని తెలిసింది. 1945లో పైలట్‌ని కలిసి జరిగింది చెప్పాడు. అప్పుడు డి బ్రేన్ పట్టుబట్టి పైకి రాశాడు. 1946 అక్టోబర్‌లో మినార్‌స్కీకి విక్టోరియా క్రాస్ (వీసీ) ప్రకటించారు, యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం అది.

బ్రోఫీ కూడా పోయి ఉంటే రికార్డులో ఒక్క వాక్యం మిగిలేది: ఇద్దరు గన్నర్లు మృతి. బాంబర్ కమాండ్‌లో ఎగిరింది సుమారు లక్షా పాతిక వేల మంది. చనిపోయింది 55,573. న్యూరెంబర్గ్ దాడి జరిగిన ఒక్క రాత్రే, 1944 మార్చి 30న, వెళ్ళిన 795 విమానాల్లో 95 తిరిగి రాలేదు. వాటిలో ఏ తోక దగ్గర ఎవరు ఎవరి కోసం వెనక్కి వెళ్ళారో చెప్పడానికి ఒక్క బ్రోఫీ అయినా మిగలని విమానాలు ఎన్ని? ఈ కథ అరుదైనది అనుకుంటున్నాం. అరుదైనది సంఘటన కాదేమో, సాక్షి బతకడమేమో.

ప్రశ్నలపుట్ట | వరంగల్ | సోమవారం రాత్రి 9:20

ఈ మాట చదివి ఒళ్ళు జలదరించింది.

మంచుదారి | విన్నిపెగ్, కెనడా | మంగళవారం ఉదయం 8:05

నమస్తే అండి. మేము గుంటూరు వాళ్ళం, విన్నిపెగ్ వచ్చి నాలుగేళ్ళు. ఊరి ఉత్తరం వైపు ఒక స్కూలు ఉంది, ఆండ్రూ మినార్‌స్కీ వీసీ స్కూలు. దాని ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళాను. 'వీసీ' అంటే ఏదో కమిటీ పేరు అనుకున్నాను. ఇంటిపేరు ఎలా పలకాలో కూడా తెలియక వదిలేశాను. ఈ రోజు డ్యూటీ అయ్యాక అటు వెళ్ళి కాసేపు కారు ఆపుకుని కూర్చుంటాను.

కృష్ణలంక గారూ, ఆ విమానం నిజంగా ఎగురుతుందా? పిల్లలతో అంత దూరం రావాలంటే చూపించడానికి ఏముంటుంది?

కృష్ణలంక | మిస్సిసాగా, కెనడా | మంగళవారం రాత్రి 9:35

ఎగురుతుంది, కానీ చలికాలంలో బయటికి తీయరు. వేసవిలో రండి, వచ్చే ముందు ఎగిరే రోజులు మ్యూజియంవాళ్ళని అడగండి. 2014లో ఇదే విమానం అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ వెళ్ళింది, అక్కడి లాంకాస్టర్‌తో కలిసి ఎగిరింది. మిడిల్టన్ సెయింట్ జార్జ్‌లో, అతను ఆఖరిసారి పైకి లేచిన చోట, మినార్‌స్కీ విగ్రహం ఉంది.

మీరు వస్తే మా ఇంట్లోనే దిగండి, కలిసి వెళ్దాం. ముక్కు వైపు అందరూ గుమిగూడతారు, అటు తర్వాత వెళ్దాం. ముందు తోక దగ్గరికి వెళ్ళి పక్క తలుపు చూడండి. అక్కడి నుంచి టరెట్ దాకా కంటితో కొలవండి. మా పెద్దాడు తొమ్మిదేళ్ళవాడు, వాడు అడుగులేసి లెక్కపెడతానన్నాడు. కింద నేల మీద, విమానం పక్కనే, తలుపు నుంచి తోక చివర దాకా నడిచాడు. ఇంతేనా నాన్నా అన్నాడు.